పుస్తకం అయ్యేదాకా

పుస్తకం చదివినవాళ్లు వెనక అట్ట లోపలివైపు తమ అభిప్రాయం రాసి, కింద మంచం నంబరు వేయాలి. రాయకుండా పుస్తకం చేతులు మారకూడదు. ఆ రూలు పెట్టింది లారీ బాబాయి. కిడ్నీలు చెడినవాళ్లకి మిషను మీద రక్తం శుద్ధి చేసే ఆ వార్డులో డాక్టర్లు పెట్టిన రూళ్లు చాలా ఉండేవి. నీళ్లు కొలిచి తాగాలి, ఉప్పు ముట్టకూడదు, మిషను తిరుగుతుండగా లేవకూడదు. వాటిని అందరూ దొంగచాటుగా తప్పేవాళ్లు. లారీ బాబాయి రూలు మాత్రం ఎవరూ తప్పలేదు.

ఆ పుస్తకం పేరు 'బూర మోగిన ఉదయం'. క్రైస్తవుల యుగాంతం గురించి రాసిన నవల. అట్ట మీద ఎర్రటి ఆకాశం, దాని కింద పైకెత్తిన కుడిచెయ్యి, ఆ చేతి మీద నల్లటి ముద్ర. ఎవరు తెచ్చి పెట్టారో ఎవరికీ తెలీదు. ఆ వానాకాలం మొదట్లో మా మరిదిని తీసుకుని నేను ఆ వార్డులో అడుగుపెట్టేసరికే దాని వీపు విరిగి, సూదులు కదలకుండా అంటించే తెల్ల టేపుతో అతుక్కుని కిటికీ గట్టు మీద ఉంది.

మా మరిది టైలరు. ఎడమచేతివాటం. సూదులు గుచ్చడానికి వీలుగా చేతిలో రక్తనాళాలు రెండు కలిపి కుడతారు. పని చేసుకునే చెయ్యి వదిలేసి రెండో చేతికి కుడతారు కాబట్టి అందరికీ అది ఎడమచేతికి ఉంటుంది. మా మరిదికి కుడిచేతికి వచ్చింది. మణికట్టు పైన తాడు పేనినట్టు ఉబ్బి, వేలు పెడితే లోపల హోరుమనేది.

"నా చేతిలో ఇంకో కుట్టుమిషను పెట్టారు వదినా. దీనికి తొక్కే పని కూడా లేదు," అన్నాడు కట్టు విప్పిన రోజున.

వార్డులో మొదటి ఉదయం పక్క మంచం మీది పెద్దాయన తల తిప్పి ఆ చేతి వంక చూశాడు. భారీ మనిషి, నలభై ఏళ్లు లారీ నడిపినవాడు.

"ఏమయ్యా, అందరికీ ఎడమైతే నీకు కుడా?"

"కత్తెర ఎడమచేత్తో పడతానండి."

"అయితే ముద్ర పడ్డది నీ ఒక్కడికే," అని కిటికీ గట్టు మీది పుస్తకం అట్ట చూపించాడు. "అందులో ఒక దుర్మార్గుడు లోకాన్నంతా ఏలుతుంటాడు. కుడిచేతి మీద వాడి ముద్ర వేయించుకున్నవాడికే తిండి, మందులు. లేనివాడికి గుక్కెడు నీళ్లు కూడా పుట్టవు."

"ముద్ర ఉన్నా నాకు గుక్కెడు నీళ్లు ఇవ్వట్లేదు కదండీ," అన్నాడు మా మరిది.

లారీ బాబాయి పొట్ట అదిరేలా నవ్వాడు. మిషను కూతపెట్టింది. సిస్టరు పరిగెత్తుకొచ్చి ఇద్దర్నీ తిట్టింది. ఆ రోజు నుంచి మా మరిది ఆ వార్డు మనిషైపోయాడు. నేను అందరికీ వదిననైపోయాను.

పుస్తకం మొదలుపెట్టింది మా మరిదే. కొన్ని పేజీలు చదివి నా ఒళ్లో పెట్టాడు. షుగరు అతని కళ్లకి కూడా ఎక్కింది. సూదిలో దారం ఎక్కించడం మా తోడికోడలికి అప్పగించి అప్పటికే చాలాకాలమైంది.

"నువ్వు చదువు వదినా. అందరూ వింటారు."

"నేను చదివితే వినేదెవరు? కూడబలుక్కుని చదివేదాన్ని."

"కూడబలుక్కునే చదువు. ఇక్కడెవరికీ తొందర పనుల్లేవు."

నాకు అక్షరాలు నేర్పింది అతనే. మా ఆయన పోయాక, జుట్టు నెరిసిన వయసులో, షాపులో మిషను పక్కన కూర్చోబెట్టి నల్లగుడ్డ ముక్కల మీద సుద్దతో రాసి చూపించేవాడు. తప్పు రాస్తే దులిపేస్తే పోయేది. అన్నీ వచ్చాయి గానీ 'క్ష' దగ్గర చాలా రోజులు ఆగిపోయాను. "ఇది అక్షరం కాదనుకో వదినా, దారం చిక్కనుకో. ఒక్కసారి విప్పావంటే మళ్లీ పడదు," అనేవాడు. మా ఖర్మకి ఆ యుగాంతం పుస్తకం నిండా క్షలే. రక్షణ, శిక్ష, సాక్షి, పరీక్ష. ఒక్కో చిక్కు దగ్గర ఆగి, విప్పుకుని, ముందుకి పోయేదాన్ని.

"వదినా, నువ్వు ఆ పేజీ తిప్పేలోపల నిజంగానే యుగాంతం వచ్చేస్తుంది," అనేవాడు లారీ బాబాయి.

"రానివ్వండి. అప్పుడు చివరి పేజీలు చదవక్కర్లేదు," అనేదాన్ని.

కథ ఇది. సముద్రం ఒడ్డున లైట్‌హౌస్ కాపలావాడొకడు ఉంటాడు. ఒక ఉదయం ఆకాశంలో బూర మోగుతుంది. భక్తులంతా ఉన్నపళంగా మాయమవుతారు. వాడి భార్య కూడా. పొయ్యి మీద నీళ్లు మరుగుతూనే ఉంటాయి, ఆమె కట్టుకున్న బట్టలు మాత్రం నేల మీద కుప్పగా పడి ఉంటాయి. వాడూ, జబ్బుతో ఉన్న తమ్ముడూ మిగిలిపోతారు. తమ్ముడికి మందు కావాలి, మందు కావాలంటే ముద్ర వేయించుకోవాలి, వేయించుకుంటే ఇంక దేవుడు లేడు. ఇద్దరూ ఉప్పు గనిలో దాక్కుంటారు.

ఆ మాయం కావడాన్ని పుస్తకంలో ఎత్తబడటం అని రాశారు. లారీ బాబాయి ఆ మాటని వార్డులోకి దింపాడు. ఏ ఉదయమైనా ఒక మంచం ఖాళీగా ఉండి, సిస్టరు దుప్పటి మారుస్తూ ఎవరి ముఖమూ చూడకుండా తిరుగుతుంటే, "ఎత్తబడ్డాడు," అనేవాడు. కొందరు నవ్వేవాళ్లు. తలుపు దగ్గరి మంచం మీది పాస్టరమ్మగారు మాత్రం ఊరుకునేది కాదు.

"ఆ మాట అలా వాడకండి. అది పరిహాసానికి కాదు."

"పరిహాసం కాదమ్మగారూ. వాడికి మంచి చోటే ఇప్పించాను కదా."

ఆవిడకి ఆ నవలంటేనే పడదు. వెనక అట్ట లోపల ఆవిడ రాసింది అందరికంటే పొడుగు: 'బైబిలు వాక్యానుసారం కాదు. యుగాంతపు శ్రమల కాలం వరస తప్పుగా రాశారు. యువతీయువకులు చదవకపోవడం మంచిది.' దాని కింద లారీ బాబాయిది: 'వరస సంగతి తెలీదు. చేజింగులు బాగున్నాయి.' ఆ కింద రిటైరైన లెక్కల టీచరుగారిది ఒకటే ముక్క: 'ముగింపు అన్యాయం.'

"అన్యాయమని ఎందుకు రాశారు టీచరుగారూ?" అని ఒక రోజు కాలేజీ పాప అడిగింది. వార్డులో అందరికంటే చిన్నది తనే. గోళ్లకి రంగు వేసుకొచ్చేది, సూది గుచ్చేటప్పుడు మాత్రం నా చెయ్యి పట్టుకునేది.

"చెప్తే నీకు చదివేదేం మిగులుతుంది?" అంది టీచరుగారు. "ఒకటి మాత్రం చెప్తాను. వాడు ముద్ర వేయించుకుని తమ్ముడికి మందు తేవాల్సింది. దేవుడనేవాడుంటే ఆ మాత్రం అర్థం చేసుకునేవాడు."

"అర్థం చేసుకోవడం ఆయన పని కాదండీ. లోబడటం మన పని," అంది పాస్టరమ్మగారు.

"లోబడి లోబడి ఇక్కడ పడుకున్నాం కదమ్మా."

"తమ్ముణ్ణి ఎవరూ అడగరేం?" అన్నాడు మా మరిది.

అందరూ అతని వంక చూశారు.

"అన్న ముద్ర వేయించుకోవాలా వద్దా అని మీరంతా వాదించుకుంటున్నారు. మందు వేసుకోవాల్సింది తమ్ముడు కదండీ. వాడికి కావాలో వద్దో ఎవరన్నా అడిగారా?"

"కావాలనే అంటాడు. ఎవరొద్దంటారు?" అంది పాప.

మా మరిది నవ్వి ఊరుకున్నాడు.

కాలేజీ పాప సగంలోనే పుస్తకం అడిగి పుచ్చుకుని తన అభిప్రాయం రాసేసింది. రూలు ప్రకారం అది చెల్లదని లారీ బాబాయి గొడవపెట్టాడు.

"ముగింపు దాకా ఆగొచ్చుగా పాపా?"

"ఆగితే మర్చిపోతాను బాబాయ్."

తను రాసినదాన్ని నేను పైకి చదివాను. 'ఇందులో ఎవరూ చెప్పి వెళ్లరు. అది నాకు నచ్చలేదు.'

తర్వాత వారం తన మంచం ఖాళీగా ఉంది. సిస్టరు దుప్పటి మారుస్తోంది. దిండు పక్కన జడకి పెట్టుకునే రబ్బరు ఒకటి ఉంటే తీసి జేబులో వేసుకుంది. అందరూ లారీ బాబాయి ఏమంటాడోనని చూశారు. ఆయన పైకప్పు చూస్తూ పడుకున్నాడు. ఆ రోజు ఏమీ అనలేదు. ఆ తర్వాత కూడా ఆ మాట అనలేదు.

ఆ మధ్యాహ్నం వాన పట్టుకుంది. మిషను దిగిన మనిషి పిండిన గుడ్డలా ఉంటాడు. ఆసుపత్రి ముందు రేకుల పందిరి కింద బల్ల మీద మా మరిదిని కూర్చోబెట్టి, తగ్గితే బయల్దేరదామని నిలబడ్డాను.

"కూర్చో వదినా," అన్నాడు. "ఆ రాసినవాడెవరో గానీ ముద్ర వేసుకున్నవాళ్ల గురించి సరిగ్గా రాశాడు."

"ఏం రాశాడు?"

"వాళ్లకి అన్నీ దొరుకుతాయి. తిండి, మందులు, ఇల్లు. కానీ పొద్దున లేచి లైన్లో నిలబడటం, చెయ్యి చూపించటం, ఇంటికొచ్చి పడుకోవటం, మళ్లీ లైను. మధ్యలో వాళ్లు ఫలానా పని చేశారని ఒక్క ముక్క రాయలేదు, చూశావా? చెయ్యరు కాబట్టే రాయలేదు."

నేను వాన చూస్తున్నాను.

"పెద్ద డాక్టరుతో మాట్లాడాను. నా గుండె కూడా అలిసిపోయిందట, మిషను ఎంతకాలం నడిపిస్తుందో చెప్పలేమన్నారు. ఆపేస్తే ఎలా ఉంటుందని అడిగాను. ఇంట్లోనే ఉండొచ్చు, ఆయాసం రాకుండా, నొప్పి తెలీకుండా మందులిస్తామన్నారు."

"ఎవర్నడిగి మాట్లాడావు?"

"తమ్ముణ్ణి అడిగాను," అన్నాడు.

ఆ పుస్తకం నా సంచిలో ఉంది. తడవకుండా దాన్ని కొంగు కింద పెట్టుకున్నాను.

"ఆ పిల్లలాగా కాదు. నేను చెప్పే వెళ్తాను. పుస్తకం అయ్యేదాకా వస్తాను వదినా. ఆ తమ్ముడేమయ్యాడో తెలుసుకోకుండా ఎలా మానేస్తాను?"

వాన తగ్గాక బయల్దేరాం.

మా తోడికోడలికి ఎలా చెప్పాలో తెలీక నాలుగు రోజులు నాలోనే దాచుకున్నాను. ఆమె షాపు విడిచి కదలడానికి లేదు. కటింగుతో సహా పనంతా ఆమె నెత్తినే పడింది. అందుకే ఆసుపత్రికి నేను వెళ్లేదాన్ని. ఒక సాయంత్రం నేను షాపులో ఊడ్చి కూర్చునేసరికి ఆమె బల్ల మీదికి ఒక కత్తెర తోసింది. కొత్తది.

"కుడిచేతి కత్తెర అక్కా. నా కోసమట. తన కత్తెర ఇచ్చేసి మార్చుకొచ్చాడు."

మా మరిది కత్తెర ఎడమచేతివాళ్ల కోసం చేసింది. మరెవరు పట్టినా గుడ్డని నమిలేది. పెళ్లయిన కొత్తలో చెల్లి, అదే మా తోడికోడలు, దాన్ని ముట్టుకుంటే "నా పెళ్లాన్నైనా అరువిస్తాను గానీ దాన్నివ్వను," అన్నాడని ఇంటిల్లిపాదీ నవ్వేవాళ్లం.

ఆమె కొత్త కత్తెర తెరిచింది, మూసింది. చప్పుడు విని పక్కన పెట్టింది.

"నాకూ చెప్పాడు. పుస్తకం ఎంతవరకు వచ్చింది అక్కా?"

"ఉప్పు గని దాటలేదు."

"ఇంకా చాలా ఉందా?"

"ఉంది."

ఆమె కూర్చుని, గుడ్డ మీదికి మిషను పాదం దించి, చక్రం మీద చెయ్యి వేసి అలాగే ఉంది.

"మెల్లగా చదువు అక్కా," అంది.

నేను మెల్లగా చదివాను. ఒక పేజీకి రెండు పేజీల కాలం పట్టేట్టు చదివాను. కళ్లజోడు తుడుచుకునేదాన్ని. వరస తప్పినట్టు పైకి వెళ్లి మళ్లీ దిగేదాన్ని. వార్డులో ఎవరికీ ఏమీ చెప్పలేదు. అక్కడ ఎవరికీ ఏదీ చెప్పనక్కర్లేదు. ఒక రోజు నేను కూర్చోగానే లారీ బాబాయి అన్నాడు.

"వదినా, మొన్న నేను నిద్రపోయాను. ఆ గనిలో నీళ్లొచ్చే భాగం మళ్లీ చదువు."

"మీరు నిద్రపోలేదు బాబాయ్. కళ్లు తెరుచుకునే ఉన్నారు."

"కళ్లు తెరుచుకునే నిద్రపోతాను. లారీ అలవాటు."

టీచరుగారు ఒక్కో వాక్యం దగ్గర ఆపి అర్థం అడిగేది. ఆవిడకి తెలీని అర్థాలు నాకెలా తెలుస్తాయి? అయినా అడిగేది, నేను చెప్పేదాన్ని, ఆవిడ కాదనేది, వాదన పెరిగేది, మిషను సమయం అయిపోయేది. నవలంటే పడని పాస్టరమ్మగారు కూడా ఒక రోజు, "మీరు చదివిన ఆ వచనం అక్కడ అలా ఉండదు, ఆగండి, నేను మొత్తం చెప్తాను," అని ఆ ఉదయమంతా తనే మాట్లాడింది. మా మరిది కళ్లు మూసుకుని వినేవాడు. కాళ్లు కొంకర్లు పోతే నేను పుస్తకం బోర్లించి పిక్కలు నొక్కేదాన్ని. అప్పుడు మాత్రం నాకు చదవడం ఆపినందుకు సంతోషం ఉండేది కాదు.

ఈలోగా నాకు తెలీకుండా ఒకటి జరిగింది. రోజు విడిచి రోజు అంతసేపు పైకి చదివేసరికి అక్షరాలు నా మాట వినడం మానేశాయి. నేను ఆగాలనుకున్న చోట అవి ఆగేవి కావు. కన్ను పడేసరికి మాట మాటగా, మాట మీద మాటగా వచ్చేసేవి. నోటిదాకా వచ్చిన మాటని పట్టి వెనక్కి లాగి, ముక్కలు చేసి, కూడబలుక్కుంటున్నట్టు చదవాల్సి వచ్చేది. వయసు మీరాక నేర్చుకున్న విద్యని రానట్టు నటించడం ఎంత కష్టమో నాకప్పుడే తెలిసింది.

గని నుంచి తమ్ముడు పైకి రాలేని రోజు గురించి చదువుతున్నాను. అన్న ముద్ర వేయించుకొస్తానని లేస్తాడు. తమ్ముడు అన్న చొక్కా పట్టుకుని ఆపుతాడు. 'నా ర...' అని ఆగాను. 'నా ర... క...' అని వేలు పెట్టి వెతుక్కున్నాను.

"రక్షణ," అన్నాడు మా మరిది, కళ్లు తెరవకుండానే.

"ఆఁ. ఆ క్ష దగ్గర..."

"క్ష నీకు వచ్చు వదినా. నేనే కదా నేర్పింది."

లారీ బాబాయి అటు తిరిగి పడుకున్నాడు. మిషన్లు తిరుగుతున్నాయి. గొట్టాల్లో రక్తం వెళ్తోంది, వస్తోంది. నేను తల ఎత్తలేదు.

"బాగా చదువుతున్నావు," అన్నాడు. "ఎంత బాగా చదువుతున్నావో నాకు తెలుస్తూనే ఉంది. మామూలుగా చదువు."

మామూలుగా చదివాను. ఆ ఉదయమూ, ఆ తర్వాతి ఉదయమూ. ఎవరూ నిద్రపోలేదు, ఎవరూ అర్థాలు అడగలేదు. పుస్తకంలో తమ్ముడు మందు వద్దంటాడు. అన్న ఒళ్లో తల పెట్టుకుని పోతాడు. అన్న పైకొచ్చేసరికి ఆకాశమంతా వెలుగు, రెండో బూర. అన్న ఎత్తబడతాడు. తమ్ముడి సంగతి మళ్లీ రాయలేదు. అందుకే టీచరుగారు అన్యాయమని రాసిందని అప్పటికి గాని నాకు తెలీలేదు.

పుస్తకం మూశాను. మా మరిది తలుపు వైపు చూశాడు.

"అమ్మగారూ, ఒక మాట అడుగుతాను. మందు వద్దన్నాడు కదా ఆ తమ్ముడు. వాడికి ఆ పైన చోటుంటుందా?"

పాస్టరమ్మగారు దిండు మీద తల ఇటు తిప్పింది. వరస తప్పిందని ఆవిడ అంటుందనుకున్నాను.

"ఆ తమ్ముణ్ణి నేనైతే వదిలెయ్యనండీ," అంది. "నాకున్న పాటి దయ ఆయనకి లేకుండా పోతుందా?"

లారీ బాబాయి పెన్సిలు తీసి మా వైపు విసిరాడు. "అభిప్రాయం రాయాలి. రూలు."

"నా కుడిచెయ్యి మిషనుకిచ్చాను, ఎడమచేతికి కళ్లు లేవు. వదినా, నువ్వు రాయి," అన్నాడు మా మరిది. చెప్పాడు, నేను రాశాను.

'కుట్టు బాగుంది. పొడుగెక్కువ.'

కింద అతని మంచం నంబరు వేశాను. లారీ బాబాయి రాసింది వినిపించమన్నాడు. వినిపించాను. ఆయన నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

"మరి నీది వదినా?"

"ఇంటికెళ్లి రాసి తెస్తాను."

సూదులు తీసి, దూది పెట్టి అదిమాక మా మరిది లేచి నిలబడ్డాడు. ఎప్పుడూ తల ఊపి వెళ్లిపోయేవాడు. ఆ రోజు ఒక్కొక్క మంచం దగ్గరా ఆగాడు.

"వెళ్తాను బాబాయ్," అన్నాడు.

"వెళ్తాననకూడదయ్యా. వెళ్లొస్తాననాలి."

మా మరిది ఆయన చేతి మీద చెయ్యి వేసి, "వెళ్తాను," అన్నాడు మళ్లీ, నెమ్మదిగా. లారీ బాబాయి ఆ చేతిని కాసేపు వదల్లేదు.

ఇంట్లో మంచం షాపుకి ఆనుకున్న గదిలో వేశాం, కుట్టుమిషను చప్పుడు వినపడేలా. మధ్య తలుపు తీసే ఉంచమన్నాడు. మొదట్లో బాగానే ఉన్నాడు. ఎన్నాళ్లుగానో అడుగుతున్న చల్లటి నీళ్లు గ్లాసెడు తాగి, "ఇది చాలు," అన్నాడు. చెల్లి కొత్త కత్తెరతో గుడ్డ కత్తిరిస్తుంటే మంచం మీదినుంచే చప్పుడు విని చెప్పేవాడు.

"చివరిదాకా మూయకు. కొస కలవకముందే ముందుకి జరుపు. లేకపోతే అంచు మెట్లు మెట్లుగా వస్తుంది."

"కళ్లు కనపడవు గానీ వంకలు కనపడతాయి," అనేది ఆమె. కత్తెర ఆగేది కాదు.

ఒక రోజు ఎవరో పెద్దమనిషి చొక్కా గుడ్డ తెచ్చాడు. చెల్లి కొలిచి చూసి, "చేతులకి చాలదండీ," అంది. లోపలినుంచి మా మరిది పిలిచాడు. గొంతు అప్పటికే పీలగా ఉంది.

"చాలదని టైలరు అనకూడదే. చాలేట్టు కత్తిరించాలి. జేబు మానెయ్, అతుకు చంకలోకి తోసెయ్. ఎవడికి కనపడుతుంది?"

అదే అతను చెప్పిన చివరి పని. తర్వాత నిద్ర ఎక్కువైంది. డాక్టరిచ్చిన మందు నాలుక కింద వేస్తుంటే ఆయాసం అణిగేది. అతని కుడిచెయ్యి నా ఒళ్లో పెట్టుకుని, ఉబ్బిన నరం మీద వేలు వేసి కూర్చునేదాన్ని. లోపల హోరు వేలికి తెలుస్తూనే ఉండేది.

వాన వెలిసిన ఒక పగటిపూట అవతల గదిలో మిషను నడుస్తోంది. చెల్లి ఆ పెద్దమనిషి చొక్కా కుడుతోంది. నా వేలి కింద హోరు తగ్గిందో, మిషను చప్పుడులో కలిసిందో తెలీలేదు. చెవి ఆనించి విన్నాను. హోరు లేదు. మిషను చప్పుడొక్కటే ఉంది. పిలవాలని నోరు తెరిచాను. అవతల కుట్టు సగంలో ఉంది. అది అయ్యి, దారం తెంపిన చప్పుడు వినపడేదాకా నేను చెల్లిని పిలవలేదు.

కార్యక్రమాలన్నీ అయ్యాక పుస్తకం తీసుకుని వార్డుకి వెళ్లాను. మా మరిది మంచం మీద ఎవరో కొత్త మనిషి, భయంగా సూదుల వంక చూస్తున్నాడు. లారీ బాబాయి చిక్కిపోయాడు. పాస్టరమ్మగారు కళ్లతోనే పలకరించింది. పుస్తకం కిటికీ గట్టు మీద పెట్టబోయాను.

"ఆగు వదినా," అన్నాడు లారీ బాబాయి. "రాయకుండా పుస్తకం తీసుకోం."

దిండు కిందినుంచి పెన్సిలు తీసిచ్చాడు. నేను స్టూలు మీద కూర్చుని వెనక అట్ట తిప్పాను. పాస్టరమ్మగారి పొడుగు అభిప్రాయం, చేజింగులు, అన్యాయం, చెప్పి వెళ్లనివాళ్లు, వాటన్నిటి కింద నా చేతిరాతలోనే మా మరిది మాట. దాని కింద చోటు కొంచెమే ఉంది. ఇన్నాళ్లూ ఒకరు చెప్తే రాశాను, ఒకరు రాసింది చదివాను. నా అంతట నేను ఒకరు చదవడానికి రాయడం అదే మొదలు. పెన్సిలు పెట్టాక ఎక్కడా ఆగలేదు.

'నాకు చాలలేదు.'

లారీ బాబాయికి చదివి వినిపించాను. ఆయన తల ఊపాడు.

"మంచం నంబరు వెయ్యి."

"నాకు మంచం లేదు కదా బాబాయ్."

ఆయన అట్ట మీద మిగిలిన చోటు వేలితో చూపించాడు.

"అయితే వదిన అని రాయి."

వదిన అని రాశాను.